జక్కయ్య పద్దు

సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. బైబిలు చదువుతున్నా అంకె కనబడితే కన్ను అక్కడ ఆగుతుంది. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య మాట దగ్గర ప్రతిసారీ ఆగుతాను. ఆస్తిలో సగం బీదలకు. అన్యాయంగా ఎవరి దగ్గరైనా తీసుకుని ఉంటే, వాళ్లకు నాలుగింతలు. పాపం విడిచిపెట్టడం గురించి ఇలా అంకెల్లో మాట్లాడినవాడు సువార్తల్లో ఇంకొకడు లేడు.

జక్కయ్య యెరికోలో సుంకరుల పెద్ద. యెరికో అంటే యెరూషలేము దారిలో ఉన్న ఊరు. సరుకు అటూ ఇటూ పోతూనే ఉంటుంది. రోము పాలనలో సుంకాల వసూలు గుత్తకిచ్చేవారు. సర్కారుకు కట్టాల్సింది కట్టాక, పైన పిండుకున్నదంతా గుత్తదారుడిదే. సంతలో ఆశీలు పాట చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి నాలుగింతలు ఎక్కడిది? మోసంతో తీసుకున్న సొమ్మును తానుగా తిరిగిచ్చేవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే చాలునని లేవీయకాండం 6లో ఉంది. నాలుగింతలు గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడికో, అమ్ముకున్నవాడికో వేసే దండుగ; అది నిర్గమకాండం 22. నూటికి నూట ఇరవై కట్టి బయటపడగలిగినవాడు నాలుగు వందలు కడతానన్నాడు. దొంగల పద్దులో తన పేరు తానే రాసుకున్నాడన్నమాట. ఇది క్షమాపణకు కట్టిన ధర మాత్రం కాదు. ఈ మాట అనకముందే, తనను చూడ్డానికి ఎక్కిన చెట్టు మీద అతను ఉండగానే, నీ ఇంటికొస్తున్నానని యేసు చెప్పేశాడు.

మా వైపు ఉజ్జీవ కూటాల్లో సాక్ష్యాలు వింటుంటాం. తాగుడు మానేశాను, పేకాట మానేశాను, సినిమాలు మానేశాను అంటారు. సంతోషమే. తాగుడు మానితే ఇల్లు ఎంత బాగుపడుతుందో ఆ ఇల్లాలినడిగితే చెబుతుంది. కానీ, పక్కవాడి పొలంలోకి జరిపిన గట్టును మళ్లీ వెనక్కి జరిపానన్న సాక్ష్యం నేను వినలేదు. కోడలి పుట్టింటివాళ్లకు కట్నం తిరిగిచ్చేశానన్నదీ వినలేదు. 1961 నుంచీ కట్నం చట్టరీత్యా నేరం. పెళ్లి మాత్రం గుడిలోనే, పాదిరిగారి చేతుల మీదుగానే జరుగుతుంది.

మా పక్క ఊళ్లో కిరాణా కొట్టాయన ఒకరు బాప్తిస్మం తీసుకున్నాక అప్పు ఖాతా పుస్తకం చంకన పెట్టుకుని కూలీల ఇళ్ల చుట్టూ తిరిగారు. చదువురాని వాళ్ల ఖాతాల్లో ఎగేసి రాసిన పద్దులేవో ఆయనకే తెలుసు. కూడికలకు సాయంగా నన్ను వెంటబెట్టుకెళ్లారు. "అమ్మా, కందిపప్పు అరకేజీ ఇచ్చి కేజీ రాశాను" అని వాకిట్లో నిలబడి చెప్పడం నేను చెవులారా విన్నాను. ఒక ముసలామె నోట్లు నా చేత లెక్కపెట్టించుకుని, కొంగున ముడేసుకుని, "అసలిచ్చావు సరే, వడ్డీ ఏదిరా అబ్బాయ్?" అంది. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. జేబులోంచి ఇంకో నోటు తీసి ఇచ్చారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఐదో వంతు న్యాయం మాత్రం ఎవరూ నేర్పకుండానే తెలుసు.

తిరిగివ్వడానికి అవతల మనిషే లేకపోతే? అప్పుడు జాన్ న్యూటన్ గుర్తొస్తాడు. 'అమేజింగ్ గ్రేస్' పాట రాసింది ఆయనే. 1748లో నడిసముద్రంలో తుఫానులో చిక్కుకుని దేవుణ్ణి పిలిచాడు. ఆ తర్వాత కూడా బానిసల ఓడలకు కెప్టెనుగా వెళ్లాడు. 1754లో ఆ పని మానడానికి కారణం జబ్బు. ఆ వ్యాపారాన్ని తూర్పారబడుతూ చిన్న పుస్తకం అచ్చువేసేసరికి 1788 వచ్చింది. అమ్మేసిన మనుషుల్ని వెనక్కి తేలేడు గనక, తాను చూసిందీ చేసిందీ దాచకుండా పార్లమెంటు విచారణలో చెప్పాడు. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించిన 1807లోనే కన్నుమూశాడు. మన ప్రసంగాల్లో తుఫాను కథ చెబుతారు, ఆ తర్వాతి నలభై ఏళ్లను దాటేస్తారు. నాకు ఆ నలభై ఏళ్లే ముఖ్యం.

జక్కయ్యనేమో సండేస్కూలు పిల్లలకు వదిలేశాం. పొట్టివాడు, మేడిచెట్టు, ఒక రంగుబొమ్మ, చేతులు ఊపుతూ ఒక పాట. అక్కడితో సరి.

పాదిరిగార్లకు నాదొక మనవి. వచ్చే శ్రమ దినాల్లో ఈ భాగాన్ని పెద్దల ఆరాధనలో చెప్పండి. చెట్టు దగ్గర కాస్త తగ్గించుకుని, ఎనిమిదో వచనం దగ్గర నిదానంగా ఆగండి. కానుకను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మని మత్తయి 5లో యేసు చెప్పనే చెప్పాడు. కాబట్టి ఆ ఆదివారం కానుక సంచి తిప్పేముందు, ఎవరికైనా బాకీ ఉన్నవాళ్లు ముందు వెళ్లి అక్కడ కట్టి రండని కూడా చెప్పండి. ఆ వారం సంచి తేలికైతే కానివ్వండి.