కాగితపు కానుక

తెలుగింట పెండ్లి నిశ్చయమైనదంటే మొట్టమొదట గడప దాటి వెళ్లేది శుభలేఖ. అది ఎంత ఖరీదైనదైనా, ఎంత చౌకదైనా, నాలుగు మూలల పసుపు పూయనిదే శుభలేఖ అనిపించుకోదు. అచ్చుయంత్రం వేసిన వేయి ప్రతులు ఒకే తీరున ఉంటాయి; పసుపు అద్దిన వ్రేలిగుర్తు మాత్రం ఒక్కొక్క ప్రతికి వేరు. ఆ గుర్తు చూచిన బంధువు, తన పేరు తలచుకొని ఎవరో ఈ కాగితాన్ని చేత పట్టుకొన్నారని గ్రహిస్తాడు. కాగితం కానుకగా మారే క్షణం అదే. ఆ మార్పు తెచ్చేది వెల కాదు, చేయి.

ఆ పసుపుకు పేరుపడిన సీమ నిజామాబాదు. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాల పల్లెలలో పండిన పసుపు నిజామాబాదు మార్కెట్టు యార్డులో రాశులు పడుతుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఈ పట్టణం కేంద్రంగానే ప్రారంభమైనది. పడమట బోధను వైపు సాగితే పంట మారుతుంది. మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరం నీళ్లు అక్కడ చెరకు తోటలను పెంచాయి. ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్నది. దాని చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు వచ్చినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్న కర్మాగారమది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యం క్రిందికి పోయినది. 2015 డిసెంబరులో మూతపడినది. గానుగ కాలం వస్తే బండ్ల వరుసలతో నిండిన బాటలు ఆ తరువాత బోసిపోయాయి.

పసుపుకూ, చెరకుకూ కాగితంతో ఏమి చుట్టరికమని విద్యార్థి అడుగవచ్చు. చుట్టరికం దగ్గరదే. చెరకు ఆడి రసం పిండిన తరువాత మిగిలేది పిప్పి. నూరు టన్నుల చెరకు ఆడితే సుమారు ముప్పది టన్నుల తడి పిప్పి మిగులుతుంది. కర్మాగారాలు చాలావరకు దానిని తమ బాయిలర్లలోనే మండించి ఆవిరి పుట్టించుకొంటాయి. కాని ఆ పిప్పిలోని నార కాగితానికి పనికివచ్చే నార. తమిళనాడులో కరూరు వద్ద 1984లో ఉత్పత్తి మొదలుపెట్టిన ప్రభుత్వరంగపు కాగితపు మిల్లు పిప్పినే ముఖ్యమైన ముడిసరుకుగా స్వీకరించినది. అడవిలో వెదురు నరకకుండానే, తినగా మిగిలిన తీపినుండి తెల్లకాగితం పుట్టించవచ్చునని అది నిరూపించినది.

తెలంగాణకు కాగితం క్రొత్త కాదు. నిజామాబాదు నుండి ఆర్మూరు, మెట్‌పల్లి మీదుగా జగిత్యాలకు పోయే దారిలో కోరుట్ల ఉన్నది. అచ్చటి చేతికాగితం ఒకనాడు లెక్కల పుస్తకాలకు వాడుకలో ఉండేది. పూర్వపు హైదరాబాదు రాజ్యంలోనే, దౌలతాబాదు చెంత, కాగితపువారి ఊరు అన్న అర్థం వచ్చే కాగజీపురా ఉన్నది. 1327లో తుగ్లకు రాజధానిని దౌలతాబాదుకు మార్చిన కాలంనాటి నుండి ఆ విద్య అక్కడ నిలిచినదని చెప్పుకొంటారు. ఇక ఉత్తర తెలంగాణలో సిరిపురం కాగితపు మిల్లు 1938లో స్థాపితమైనది. ఆ ఊరు కాగజ్‌నగర్ అయినది. చక్కెర పేర ఒక నగరం, కాగితం పేర ఒక నగరం! ఈ రెండు పేర్లూ దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. కాగజ్‌నగర్ మిల్లు 2014లో మూతపడి 2018లో మరల తెరచుకొన్నది. శక్కర్‌నగర్‌కు ఆ అదృష్టం అంత త్వరగా కలుగలేదు.

ఈ చరిత్ర అంతా ఒక ప్రక్క ఉండగా, నేటి పాఠశాలలో కాగితపు పని ఎట్లా జరుగుతున్నది? సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినం. 1888లో అదే తేదీన పుట్టి, 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉండి, రాష్ట్రపతి పీఠమెక్కిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినాన్ని 1962 నుండి దేశం ఇట్లా జరుపుకొంటున్నది. ఆ ముందునాటి సాయంకాలం పట్టణంలోని పుస్తకాల దుకాణాల ముందు పిల్లలు గుమిగూడతారు. మెరుపుల అట్టలు, అంటించుకొనే పూలు, వ్రాసి ఉంచిన శుభాకాంక్షలు దొరుకుతాయి. తమ పేరు తప్ప పిల్లలు వ్రాయవలసినదేమీ ఉండదు. ప్రాజెక్టు పని అని బడిలో చెప్పినదానికి సైతం తయారైన నమూనాలు అంగట్లో దొరుకుతున్నాయి. డబ్బున్న ఇంటి పిల్ల పెద్ద అట్ట తెస్తుంది. కూలిచేసుకొనే ఇంటి పిల్లవాడు నోటుపుస్తకంనుండి చింపిన కాగితాన్ని వెనుక దాచుకొంటాడు. మార్కులు వేసే చేయి మెరుపును చూచి మురిసినదా, ఆ పిల్లవాడు నేర్చుకొనే పాఠం ఒక్కటే: చేసుకొన్నదానికంటె కొన్నది మేలు. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని ఈ పాఠం జీవితమంతా జ్ఞాపకముంటుంది.

ఆ మెరుపు నేలకూ మేలు చేయదు. ప్లాస్టిక్ పూత పూసిన అట్ట సులువుగా మరల గుజ్జు కాదు, మట్టిలో కలియదు. 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించిన వస్తువుల పట్టికలో అలంకరణకు వాడే థర్మోకోలు, ప్లాస్టిక్ జెండాలు, మిఠాయి పెట్టెలకూ ఆహ్వానపత్రికలకూ చుట్టే పలుచని ప్లాస్టిక్ పొరలు కూడ చేరాయి. అనగా పండుగలకు, కానుకలకు పూర్వం కాగితమే చేసిన పనిని మరల కాగితానికే అప్పగించవలసిన కాలం వచ్చినది.

పూర్వం కాగితం చేసిన పనులు చిన్నవి కావు. పెండ్లికొడుకు, పెండ్లికూతుళ్ల నుదుట కట్టే బాసికంలో బెండు, రంగుకాగితం, తళుకు కలిసి మెలగేవి. పీర్ల పండుగనాడు వెదురుబద్దలపై రంగుకాగితాలు అతికి తాబూతులు కట్టడం దక్కనులో పాత ఆచారం. సంక్రాంతికి పతంగులు. ఆగస్టు 15కు, జనవరి 26కు మైదాపిండి ఉడికించిన లైతో సుతిలి త్రాడుకు మూడుమూలల జెండాలు అంటించి బడి ఆవరణమంతా తోరణాలు కట్టడం ప్రతి పల్లె బడికీ తెలిసినదే. ఈ పనులలో హిందువు, ముస్లిము అన్న భేదం కాగితానికి తెలియదు. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడు భాషలూ వినిపించే బోధను ప్రాంతంలో ఒకే అభినందనపత్రంపై మూడు లిపులలో ఒక పేరు వ్రాయించడం ఏ ఉపాధ్యాయునికైనా సాధ్యమైన పని. ప్రక్క బల్లపై కూర్చున్నవాని అక్షరాలు నేర్చుకొనడానికి అంతకంటె మంచి సందర్భం దొరకదు.

కాగితాన్ని తరగతిలోనే తయారుచేయడం అసాధ్యమేమీ కాదు. వాడిన నోటుపుస్తకాల కాగితాలను చిన్నముక్కలుగా చింపి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. మరునాడు మెత్తగా రుబ్బితే గుజ్జు అవుతుంది. వెడల్పైన తొట్టిలో నీరు పోసి ఆ గుజ్జును కలపాలి. పలక యంత కర్రచట్రానికి దోమల జాలి బిగించి, దానిని నీటిలో ముంచి సమంగా పైకెత్తితే నీరు కారిపోయి నార పలుచని పొరగా జాలిపై నిలుస్తుంది. చట్రాన్ని ఎత్తేటప్పుడు ముందుకు వెనుకకు, ప్రక్కలకు మెల్లగా కదపాలి. ఆ కదలికతో పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకొంటాయి. కాగితానికి బలం ఆ పెనవేతలోనే ఉన్నది. పొరను తడిగుడ్డపై బోర్లించి, మరొక గుడ్డ కప్పి, బరువు పెట్టి నీరు పిండి, నీడలో ఆరబెట్టాలి. ఆరినదానిపై పలుచని గంజి పూసి, మరల ఆరిన పిమ్మట నున్నని రాతితో రుద్దితే సిరా ప్రాకదు. పాత కాగితపువారు పాటించిన మర్మం కూడ ఇదే.

చెరకు సీమ గుర్తు కావలెనన్నచో రసం బండివద్ద పారవేసే పిప్పిని కొంచెం తెచ్చుకొనవచ్చు. అందులోని మెత్తని బెండును రాల్చివేసి, నారను చిన్నగా తరిగి, చాకలిసోడా నీళ్లలో మెత్తబడువరకు ఉడికించి బాగా కడగాలి. పొయ్యి, సోడా పని పెద్దల చేతిలోనే ఉండాలి. నాలుగు వంతుల కాగితపు గుజ్జుకు ఒక వంతు పిప్పినార చేరిస్తే, ఆరిన కాగితంలో లేత బంగారు పోగులు అక్కడక్కడ కనిపిస్తాయి. ఆ పోగులే దానికి నగ. మోదుగపూలు ఉడికించిన నీళ్లలో ముంచితే హోలీనాటి నారింజరంగు వస్తుంది.

ఇక పసుపు. అది రంగు మాత్రమే కాదు, రసాయన శాస్త్ర పాఠం కూడ. పసుపునీళ్లు పూసి ఆరబెట్టిన కాగితంపై చాకలిసోడా నీళ్లలో ముంచిన కుంచెతో వ్రాస్తే అక్షరాలు ఎఱ్ఱగా మెరుస్తాయి. నిమ్మరసం తగిలితే ఎఱ్ఱదనం పోయి మరల పసుపు పచ్చన అవుతుంది. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలినప్పుడు ఎఱ్ఱబడడమే దీనికి కారణం. పెండ్లికూతురి పాదాలకు పూసే పారాణి, దిష్టితీసే ఎఱ్ఱనీళ్లు ఈ సూత్రంపైనే ఏర్పడ్డాయి. పసుపు, సున్నం కలిపిన అమ్మమ్మలకు శాస్త్రం పేరు తెలియకపోయినా ఫలితం తెలుసును. అయితే పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కాబట్టి అట్టి పత్రాన్ని గోడకు వ్రేలాడదీయక పుస్తకంలో దాచుకొనడం మేలు.

లెక్కల ఉపాధ్యాయునికీ ఇందులో భాగమున్నది. సాధారణంగా వాడే ఏ-4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. దానిని నడిమికి మడిస్తే వచ్చే సగం కూడ అదే నిష్పత్తిలో ఉంటుంది. ఆ సగాన్ని మడిచినా అంతే. రెండు యొక్క వర్గమూలం ఎక్కడ పనికివస్తుందని అడిగే విద్యార్థికి ఈ మడతే సమాధానం. మిల్లు కాగితంలో పోగులు ఎక్కువగా ఒక దిశకు వాలి ఉంటాయి. చిన్నముక్కను ఒకవైపు తడిపితే అది గొట్టంవలె చుట్టుకొంటుంది. ఆ గొట్టం నిలువు ఏ దిశకో పోగుల దిశ అదే. ఆ దిశలో మడిచిన అట్ట పగలకుండా మడత పడుతుంది.

వీటన్నిటికీ అయ్యే ఖర్చు స్వల్పం, కావలసినది సమయం. సమయమే కొరత అని ఉపాధ్యాయుడు అనడం న్యాయమే. సిలబస్సు, పరీక్షలు, రికార్డులు ఆయన మెడపై ఉన్నవి. అయినను ప్రాజెక్టు పనికి మార్కులు ఎట్లాగూ వేయవలసినదే గదా. ఆ మార్కులు వేసేటప్పుడు, ‘ఇది ఎంత అందంగా ఉన్నది?’ అని గాక, ‘ఇది ఎట్లా చేశావు, మొదటిసారి ఎందుకు చెడిపోయినది?’ అని అడిగితే చాలును. కొని తెచ్చినవాడు దానికి జవాబు చెప్పలేడు. జాలి చిరిగి గుజ్జంతా తొట్టిలో పడినవాడు చెప్పగలడు. ఆ ఒక్క ప్రశ్నతో ధనికుని బిడ్డ, కూలివాని బిడ్డ ఒకే వరుసలో నిలుస్తారు.

నిజామాబాదులో కాగితం విలువ తెలిపే జ్ఞాపకం మరొకటి ఉన్నది. నిజాం పాలనను ఎదిరించిన కాలంలో దాశరథి కృష్ణమాచార్యులు ఇందూరు ఖిల్లాలోని జైలులో బందీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు సహచరుడు. వ్రాసుకొనడానికి కాగితం లేక దాశరథి బొగ్గుతో గోడపై పద్యాలు వ్రాశారు. 1949లో వెలువడిన తన ‘అగ్నిధార’ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. కాగితం లేనిచోట గోడను కాగితం చేసుకొన్న ఊరిది. ఈనాడు ఆ ఊరి బడులలో కాగితానికి కొదువ లేదు; కొదువ పడుతున్నది చేతిపనికి.

మూతపడిన కర్మాగారాన్ని తెరిపించడం పిల్లల వల్ల అయ్యే పని కాదు. కాని తమ తాతలు ఏ చెరకును ఆడించి బ్రతికారో ఆ చెరకు పిప్పిలో ఒక తెల్లని ఆకు దాగి ఉన్నదని వారు తెలిసికొనవచ్చు. సెప్టెంబరు 5 ఉదయాన బల్లపై పెట్టే కానుకలలో అంచులు వంకరగా, గంజి వాసనతో, మూల పసుపు వ్రేలిగుర్తుతో ఉన్న పత్రం ఒకటి కనిపిస్తే, ఉపాధ్యాయుడు దానిని ముందుగా చేతికి తీసుకొనుగాక. వెనుక బెంచీలో ఒక జత కళ్లు ఆ చేతినే చూస్తూ ఉంటాయి.