అప్పనపల్లిలో ఇంటి పనికి మినీ పొక్లెయిన్: ఎన్ని టన్నులది పిలవాలి?

సెప్టిక్ ట్యాంకు గొయ్యి, ప్రహరీ పునాది, దొడ్లో డ్రైనేజీ పైపు, కొబ్బరి తోటలో పూడిపోయిన బోదె. ఇలాంటి పనులకు ఇదివరకు నలుగురు కూలీలను పెట్టుకుంటే రోజులు పట్టేది. ఇప్పుడు మినీ పొక్లెయిన్ కిరాయికి తెచ్చుకుంటే సగం రోజులో అయిపోతోంది. కాకపోతే ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది "గంటకెంత?" అనే. దానికంటే ముందు తేలాల్సింది మిషన్ ఎన్ని టన్నులది, దాని వెడల్పు ఎంత అన్నది. సైజు తప్పితే గంట రేటు ఎంత తక్కువైనా లాభం లేదు. మిషన్ సందులో పట్టక లారీ మీదే వెనక్కి పోతుంది, రానూపోనూ ఖర్చు మన నెత్తిన పడుతుంది. లేదంటే బలవంతంగా దూర్చి పక్కింటి గోడ కూలుస్తారు.

ముందు పేర్ల సంగతి. మన దగ్గర పసుపు రంగులో కనిపించే ప్రతి మిషన్నూ జేసీబీ అనేస్తారు. జేసీబీ అనేది కంపెనీ పేరు. మనం రోడ్ల మీద ఎక్కువగా చూసేది ముందు పెద్ద తొట్టి, వెనక తవ్వే చెయ్యి, నాలుగు టైర్లు ఉన్న బండి. పొక్లెయిన్ కూడా ఒకప్పటి ఫ్రెంచి కంపెనీ పేరే, చైన్ మీద నడుస్తూ పైభాగం గుండ్రంగా తిరిగే మిషన్‌కి ఆ పేరు స్థిరపడిపోయింది. దాంట్లో చిన్న రకమే మినీ పొక్లెయిన్. టైర్ల జేసీబీ ఏడెనిమిది టన్నులుంటుంది, వెడల్పు ఏడు అడుగులు దాటుతుంది. రోడ్డు పక్క ఖాళీ స్థలం చదును చేయడానికి దానంత బాగా పనికొచ్చేది లేదు, ఇంటి వెనక దొడ్లోకి మాత్రం అది రాదు.

ఇంకో మాట. "మూడు టన్నుల మిషన్" అంటే మూడు టన్నులు ఎత్తుతుందని కొందరు అనుకుంటారు. కాదు. అది మిషన్ సొంత బరువు. కంపెనీని బట్టి కొంచెం అటూఇటూ ఉన్నా, కిరాయికి దొరికే సైజులు ఇంచుమించు ఇలా ఉంటాయి. ఒకటిన్నర నుంచి రెండు టన్నుల మిషన్ వెడల్పు నాలుగడుగులు, కొన్నింటిలో చైన్లను లోపలికి ముడిస్తే మూడడుగుల మూడంగుళాలకు తగ్గుతుంది. ఏడు, ఏడున్నర అడుగుల లోతు తవ్వుతుంది. మూడు, మూడున్నర టన్నులదైతే వెడల్పు ఐదడుగులు, లోతు తొమ్మిది పది అడుగులు. ఐదారు టన్నులదైతే వెడల్పు ఆరున్నర, లోతు పన్నెండు వరకు. ఆ పైన ఎనిమిది టన్నులది ఉంది గానీ, ఊళ్లో ఇంటి పనికి దాని అవసరం దాదాపు రాదు.

సందు కొలవండి, తర్వాతే ఫోన్ చేయండి

మన కుటుంబాల్లో పాత ఇంటి స్థలం అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య వాటాలు పడ్డాక వెనక వాటాకు మిగిలేది తరచుగా ఓ నాలుగైదు అడుగుల దారి. మిషన్ సైజు తేల్చేది ఆ దారే. టేపు పట్టుకుని గేటు దగ్గర కాదు, మొత్తం దారిలో అన్నిటికంటే ఇరుకైన చోట కొలవాలి. మెట్లు ముందుకు వచ్చిన చోట, కుళాయి దిమ్మ దగ్గర, పక్కింటి మీటరు బోర్డు కింద. వచ్చిన కొలతలో రెండు వైపులా కలిపి ఒక అడుగు వదిలేయండి. నాలుగున్నర అడుగుల సందు అంటే చైన్లు ముడుచుకునే 1.7 టన్నుల మిషన్ తప్ప ఇంకోటి పిలవకూడదు. "ఎలాగోలా పోనిస్తాం సార్" అనే మాట నమ్మితే నష్టం మనకే.

ఎత్తు కూడా చూడాలి. సన్‌షేడ్, కేబుల్ వైర్లు, కరెంటు తీగ. చేతిని పూర్తిగా లేపితే చిన్న మిషన్ బకెట్ కూడా పదడుగులు దాటి పైకి వెళ్తుంది. తోటల్లో కొబ్బరి చెట్ల మధ్య నుంచి వేలాడే సర్వీసు తీగలు మనకు కొత్త కాదు. తీగ కింద పని ఉంటే విద్యుత్ శాఖ లైన్‌మన్‌కి చెప్పి సప్లై ఆపించాకే మిషన్ స్టార్ట్ చేయాలి.

తిరిగే చోటు సంగతి చాలామంది మర్చిపోతారు. పైభాగం తిరిగినప్పుడు మిషన్ వెనక భాగం చైన్ల బయటికి వస్తుంది, గోడ దగ్గర ఉంటే నేరుగా గోడకు తగులుతుంది. వెనక భాగం బయటికి రాని రకం కూడా ఉంది, దాన్ని జీరో టెయిల్ అంటారు. రెండు గోడల మధ్య పని అయితే అది ఉందా అని అడగండి.

ఇక్కడ లోతు కంటే నీళ్లు ముఖ్యం

మామిడికుదురు మండలంలో వైనతేయ గోదావరి ఒడ్డున ఉన్న అప్పనపల్లి లాంటి ఊళ్లో ఎక్కువ లోతు తవ్వే మిషన్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం చాలాసార్లు దండగ. కాలువలకు నీళ్లు వదిలిన నెలల్లో కొద్ది అడుగులు తవ్వేసరికే ఊట వచ్చేస్తుంది. ఊట వచ్చిన గొయ్యి నిలబడదు, గట్లు విరిగి లోపలికి జారుతుంది. పన్నెండు అడుగులు తవ్వగల మిషన్ ఉన్నా ఆరడుగుల దగ్గరే ఆగాల్సి వస్తుంది. పైగా లోతుగా దించిన ఖాళీ సెప్టిక్ ట్యాంకును భూమిలో నీరు పైకి తేల్చేస్తుంది కూడా. అందుకని తెలిసిన మేస్త్రీలు ఇక్కడ ట్యాంకును లోతు తగ్గించి పొడవు పెంచుతారు. అలా చేస్తే చిన్న మిషనే సరిపోతుంది.

బరువు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఒండ్రు నేలలో వాన పడ్డాక ఏడు టన్నుల టైర్ల బండి దిగబడితే దాన్ని లాగడానికి ఇంకో బండి కావాలి. రబ్బరు చైన్ల మినీ మిషన్ బరువు నేల మీద పరుచుకుంటుంది కాబట్టి అంత త్వరగా దిగబడదు. సిమెంటు రోడ్డు కూడా పాడవదు, ఇనప చైన్ అయితే పంచాయతీ రోడ్డు మీద గీతలు, పెచ్చులు తప్పవు. నేల మరీ మెత్తగా ఉంటే చైన్ల కింద కొబ్బరి దుంగలో, చెక్క పలకలో పరవాలి.

తోటలో పని అయితే చెట్టును కూడా చూడాలి. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ ఆరేడు అడుగుల్లోనే ఉంటాయి. బోదె తవ్వేటప్పుడు ఆ మేర వదిలేయండి. కొబ్బరి వరుసల మధ్య సాధారణంగా పాతిక అడుగులుంటుంది కాబట్టి మూడు టన్నుల మిషన్ హాయిగా తిరుగుతుంది. మధ్యలో అరటో, కోకోనో ఉంటే మాత్రం చిన్నదే నయం.

కాలం విషయంలో నా సలహా ఒకటే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో తవ్వకం ముగించుకోండి. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే అప్పనపల్లి కాజ్‌వే మునగడం మామూలే. 2022 జూలై వరదలో లంక ఊళ్లు ఎన్ని అవస్థలు పడ్డాయో అందరికీ గుర్తుంది. అలాంటప్పుడు మిషన్ ఇవతల చిక్కుకుంటే ఖాళీగా ఉన్న రోజులకి కూడా కిరాయి అడుగుతారు.

చిన్నదానికి ఎంత టైం ఎక్కువ పడుతుంది?

ఒక లెక్క వేద్దాం. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు గొయ్యి అంటే 490 ఘనపుటడుగులు. తవ్విన మట్టి గుల్లబారి పాతిక శాతం పెరుగుతుంది, అంటే ఇంచుమించు 610. ట్రాక్టర్ ట్రక్కుకి వంద ఘనపుటడుగుల చొప్పున ఆరు ట్రిప్పులు. 1.7 టన్నుల మిషన్ బకెట్‌లో ఒకటిన్నర ఘనపుటడుగుల లోపు మట్టి పడుతుంది, మూడు టన్నులదాంట్లో మూడు దాకా. నిమిషానికి రెండు బకెట్లు అనుకుంటే చిన్నదానికి మూడున్నర గంటలు దాటుతుంది, పెద్దదానికి గంటా నలభై నిమిషాలు. కాగితం మీద తేడా రెండు గంటలు. కానీ అసలు పనిలో ట్రాక్టర్ వెళ్లి తిరిగొచ్చేదాకా ఏ మిషనైనా నిలబడే ఉంటుంది. మట్టి పక్కనే పోసుకునే చోటు లేకపోతే రెండో ట్రాక్టర్ పెట్టడం వల్ల మిగిలేదే ఎక్కువ.

బకెట్ వెడల్పు కూడా ఫోన్లోనే చెప్పాలి. నాలుగంగుళాల పైపుకి పన్నెండంగుళాల బకెట్ చాలు. రెండడుగుల బకెట్‌తో కాలువ తీస్తే రెట్టింపు మట్టి తవ్వి, రెట్టింపు మట్టి పూడ్చాలి. బ్రేకర్ బిగించి తెస్తే అదనంగా అడుగుతారు. మన డెల్టా నేలలో రాయి తగలదు, పాత సిమెంటు దిమ్మ పగలగొట్టాల్సి ఉంటేనే బ్రేకర్ అడగండి.

గ్యాస్ పైపు సంగతి

ఈ ప్రాంతంలో మిషన్ పెట్టే ముందు తప్పనిసరిగా చూడాల్సింది ఇది. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇదే మామిడికుదురు మండలంలోని నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. అది తవ్వకం వల్ల జరిగింది కాదు, పైపు లీకై బయటికొచ్చిన గ్యాస్‌కి నిప్పంటుకుంది. అయితే మన ఇళ్ల పక్క, తోటల కింద ఎలాంటి పైపులు వెళ్తున్నాయో ఆ రోజు అందరికీ తెలిసింది. పార తగిలితే పైపు మీద గీత పడుతుందేమో, పొక్లెయిన్ పన్ను తగిలితే చిల్లే పడుతుంది. చిన్న మిషన్ కదా అని ధీమా పడొద్దు, 1.7 టన్నులదానికి కూడా ఆ బలం ఉంది.

స్థలం దగ్గర్లో గెయిల్, ఓఎన్‌జీసీ గుర్తు రాళ్లు, బోర్డులు ఉన్నాయేమో చూడండి. ఉంటే దాని మీద ఉన్న నంబరుకి చెప్పి, వాళ్ల మనిషి వచ్చి పైపు ఎక్కడుందో చూపించాకే పని మొదలుపెట్టండి. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం ప్రకారం పైపు పోయే పట్టీలో భూమి మనదే అయినా ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కేబుళ్లు, పైపుల యజమానులకు ముందే సమాచారం ఇవ్వడానికి కేంద్రం 2023లో "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ కూడా తెచ్చింది. యాప్‌లో పెట్టినా సరే, ఊళ్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి. పాత నీళ్ల పైపు ఏ మూల నుంచి పోయిందో వాళ్లకే తెలుస్తుంది.

గొయ్యి పక్కన ఉండే జాగ్రత్తలు కూడా ఇందులోనివే. గొయ్యి ఎంత లోతో కనీసం అంత దూరం పక్కింటి పునాదికి ఎడం ఉండేలా చూసుకోండి. అంత చోటు లేకపోతే మొత్తం ఒకేసారి తవ్వకుండా ముక్కలు ముక్కలుగా తవ్వి కట్టుకుంటూ పోవాలి, ఆ మాట పొరుగువాళ్లకు ముందే చెప్పాలి. నిలువు గట్లున్న లోతు గోతిలోకి అడుగు సవరించడానికి మనిషిని దించకండి. తడి మట్టి విరిగిపడితే పైకి రావడానికి వ్యవధి ఉండదు.

కిరాయి మాట్లాడుకునేటప్పుడు

ఇజారాలో కిరాయి ఎంత, పని ఎంతసేపు అన్నవి రెండూ ముందే తేలాలని ఫిఖ్హ్ చెప్తుంది. మిషన్ కిరాయిలో గొడవలన్నీ ఈ రెండు తేలకపోవడం వల్లే. గంట ఎక్కడి నుంచి మొదలవుతుంది, లారీ దిగినప్పటి నుంచా, బకెట్ నేలను తాకినప్పటి నుంచా? కనీసం ఎన్ని గంటలకు డబ్బు కట్టాలి? డీజిల్ ఎవరిది, డ్రైవర్ బత్తా ఎవరిది, లారీ రానూపోనూ ఎవరిది? మధ్యలో పైపు పగిలి మిషన్ ఆగిపోతే ఆ టైం ఎవరి ఖాతాలో పడుతుంది? పక్కింటి గోడకు తగిలితే ఎవరు కట్టిస్తారు? ఇవన్నీ వాట్సాప్‌లో రాసి పంపించి "సరే" అని జవాబు తెప్పించుకోండి. మిషన్‌లో గంటల మీటరు ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు దాని ఫోటో తీసుకుంటే చాలు, వాదన ఉండదు. మధ్యాహ్నం డ్రైవర్‌కి అన్నం పెట్టడం మన వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ గంట మాత్రం మీటరు ఆపమనండి.

మస్జిద్ పనులకు కూడా ఇవే కొలతలు. వజూఖానా డ్రైనేజీకి 1.7 టన్నులది, ఈద్‌గాహ్ మైదానం చదునుకు ముందు బ్లేడు ఉన్న మూడు టన్నులదో, దారి ఉంటే టైర్ల జేసీబీనో పిలవొచ్చు. ఖబరస్తాన్ విషయం వేరు. గుర్తు రాళ్లు లేని పాత ఖబర్లు ఎక్కడున్నాయో ఎవరికీ సరిగ్గా తెలియదు, చైన్ల బరువు వాటి మీదుగా పోకూడదు. వక్ఫ్ భూమి అయితే కమిటీ తీర్మానం, వక్ఫ్ బోర్డు అనుమతి లేకుండా తవ్వకం పెట్టుకోకూడదు. ప్రహరీ పునాది వరకు మిషన్‌ని బయట రోడ్డు మీదే నిలిపి, చెయ్యి చాపి తవ్వించండి. ఇలాంటి చోట మాత్రం మూడున్నర టన్నులదే మేలు, చెయ్యి పొడవు ఎక్కువ కాబట్టి లోపలికి అడుగు పెట్టకుండానే అందుతుంది. లోపల పొదలు, ఎత్తుపల్లాలు ఉంటే ఓ జుమా తర్వాత పదిమంది పారలు పట్టుకుంటే సరిపోతుంది.