కుక్క పూప్ క్లీనింగ్ కి 175 డాలర్లా? అర్జెంట్ గా ఒక్కసారి పిలిపించే ముందు ఇది వినండి

ఈ రోజు టాపిక్ విని నవ్వేవాళ్ళు నవ్వేయండి, తింటూ చూసేవాళ్ళు మాత్రం ప్లేటు కాసేపు పక్కన పెట్టండి. కుక్క పూప్ గురించి మాట్లాడబోతున్నాం. ఇంకా కరెక్ట్ గా చెప్పాలంటే, అమెరికాలో ఇంటి వెనక బ్యాక్‌యార్డ్ లో వారాల తరబడి పేరుకుపోయిన కుక్క పెంటని డబ్బులిచ్చి క్లీన్ చేయించడం గురించి. నెలనెలా కాదు, ఒకే ఒక్కసారి, అదీ అర్జెంట్ గా.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టకముందు డల్లాస్ దగ్గర ఆన్‌సైట్ లో ఉన్నానని మీకు తెలుసు. ముగ్గురం కలిసి ఒక ఇల్లు రెంట్ కి తీసుకున్నాం. మా రూమ్మేట్ కి ఒక లాబ్రడార్, పేరు బంటి. రూల్ ఏంటంటే బంటిని వాడే చూసుకోవాలి. చలికాలం వచ్చింది, జనవరిలో రెండు మూడు రోజులు ఐస్ పడింది, వాడు వెనక డోర్ తీసి బంటిని వదలడం, అది పని కానిచ్చి రాగానే డోర్ వేసేయడం. అలా 6 వారాలు. బ్యాక్‌యార్డ్ లోకి మనిషి అడుగు పెట్టలేదు.

ఫిబ్రవరి నెలాఖరుకి లీజ్ అయిపోతుంది. శనివారం పొద్దున 10 గంటలకి ఓనర్ వచ్చి ఇల్లు చూసుకుని తాళాలు తీసుకోవాలి. గురువారం సాయంత్రం సామాన్లు సర్దుతూ, పాత కుర్చీ బయట పెడదామని వెనక్కి వెళ్ళాను. నాలుగు అడుగులు వేశానో లేదో, చెప్పు కింద మెత్తగా తగిలింది. అప్పుడు చూశాను ఫ్రెండ్స్. డల్లాస్ లో లాన్స్ చాలావరకు బెర్ముడా గడ్డి, చలికాలంలో అది మొత్తం ఎండి గోధుమరంగులోకి మారిపోతుంది. ఆ రంగులో ఈ రంగు కనపడదు. లెక్క వేసుకోండి, రోజుకి 2 సార్లు, 42 రోజులు. 84.

డిపాజిట్ 2400 డాలర్లు. ఒక నెల రెంట్ అది. అందులో నా వాటా 800. కుక్క నాది కాదు, డబ్బు మాత్రం నాది.

మా నాన్నకి వీడియో కాల్ లో చూపిస్తే, "ఎరువే కదరా, వదిలెయ్, గడ్డి బాగా పెరుగుద్ది" అన్నారు. మన ఊళ్ళో గత్తం పొలానికి తోలిన మనిషి కదా, అలాగే అంటారు. కానీ ఆవు పేడ వేరు, ఇది వేరు. ఆవు గడ్డి తింటుంది. కుక్క తినేది మాంసం, ప్రోటీన్ ఎక్కువ ఉన్న ఫుడ్. దాంట్లో నైట్రోజన్ ఎక్కువ, గడ్డి మాడిపోతుంది. పైగా మనుషులకి అంటుకునే పురుగుల గుడ్లు, బ్యాక్టీరియా ఉండొచ్చు. ఆ విషయానికి మళ్ళీ వస్తాను, అసలు కథ అక్కడే ఉంది.

మొదట మేమే చేద్దామనుకున్నాం. ఇంటి ప్యాకింగ్ సగం కాలేదు, శుక్రవారం ముగ్గురికీ ఆఫీసు. ఫోన్ లో వెతికితే అక్కడ దీనికి పెద్ద బిజినెస్సే ఉంది. పూపర్ స్కూపర్ సర్వీస్ అంటారు. వ్యాన్ వేసుకుని వారం వారం ఇంటింటికీ తిరుగుతారు. వీళ్ళకి ఒక అసోసియేషన్ కూడా ఉంది, నవ్వకండి, నిజం. న్యూయార్క్ లో అయితే కుక్క ఓనరే వీధిలో పూప్ ఎత్తాలనే చట్టం 1978 లోనే వచ్చింది.

ముగ్గురికి ఫోన్ చేశాను. మొదటివాళ్ళు వారం వారం ప్లాన్ అయితేనే వస్తామన్నారు. రెండోవాళ్ళు సోమవారం అన్నారు, అప్పటికి తాళాలు ఓనర్ చేతిలో ఉంటాయి. మూడోవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకి వస్తామన్నారు, మర్నాడే కాబట్టి 25 డాలర్లు ఎక్స్‌ట్రా. రేటు ఎలా అంటే, మొదటి 30 నిమిషాలకి 80 డాలర్లు, ఆ తర్వాత ప్రతి 15 నిమిషాలకి 20.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోండి. ఒక్కసారి క్లీనింగ్ లో మీరు కొనేది యార్డ్ సైజుని కాదు, టైమ్ ని. వారం వారం వచ్చేవాడికి మీ యార్డ్ లో ఎంత ఉంటుందో తెలుసు, అందుకే ఫిక్స్‌డ్ రేటు ఇస్తాడు. మొదటిసారి వచ్చేవాడికి ఏమీ తెలియదు. అందుకే ఫోన్ లో అడిగే మొదటి ప్రశ్న, చివరిసారి ఎప్పుడు తీశారు? రెండోది, ఎన్ని కుక్కలు? మా రూమ్మేట్ పక్కన నిలబడి, "మామా, రెండు వారాలు అని చెప్పు, తక్కువ పడుద్ది" అని సైగ చేశాడు. నేనూ అలాగే చెప్పాను. ఆమె సుమారు 100 డాలర్లు అవ్వొచ్చంది.

అది తప్పు. అబద్ధం చెప్తే రేటు తగ్గదు, ఎందుకంటే బిల్లు గడియారం చూసి వేస్తారు. తగ్గేది వాళ్ళు మనకి కేటాయించే టైమ్. మనది అరగంట పని అనుకుని తర్వాత ఇంకో ఇంటికి స్లాట్ ఇచ్చేస్తే, ఆ మనిషి సగంలో వదిలి వెళ్ళిపోవాల్సి వస్తుంది. మా అదృష్టం, ఆ రోజు అతనికి మాదే చివరి ఇల్లు. లేకపోతే సగం యార్డ్ తో ఓనర్ ముందు నిలబడేవాళ్ళం. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కుదిరితే ముందే ఫోటోలు పంపండి.

ఇంకో రెండు విషయాలు ఫోన్ లోనే తేల్చుకోవాలి. ఒకటి, ఎత్తిన బ్యాగులు ఎక్కడికి వెళ్తాయి? కొందరు మన చెత్త డబ్బాలోనే వేసి వెళ్ళిపోతారు. మా చెత్త బండి సోమవారం వస్తుంది. అంటే శనివారం ఓనర్ వచ్చేసరికి గ్యారేజ్ పక్కన 84 పెంటలు మూటకట్టి ఆయనకి స్వాగతం చెప్తాయన్నమాట. తీసుకెళ్ళడానికి 10 డాలర్లు అన్నారు, కళ్ళు మూసుకుని ఒప్పుకున్నాను. రెండోది, కార్డ్ నంబర్ ఇచ్చేముందు ఇది వన్ టైమ్ మాత్రమే, వారం వారం ప్లాన్ వద్దు అని ఈమెయిల్ లో రాయించుకోండి. మొదటి క్లీనింగ్ చవకగా ఇస్తామనే ఆఫర్ల వెనక వీక్లీ ప్లాన్ కట్టేసి ఉంటుంది. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఆటో రెన్యువల్ అంటే ఏంటో మనకి ఒకరు చెప్పాలా?

శుక్రవారం పొద్దున మా రూమ్మేట్ ఒక గొప్ప ఐడియా వేశాడు. లాన్ మూవర్ తిప్పేద్దాం, పొడి పొడి అయిపోయి కలిసిపోతుంది అని. దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి. ఎండినవి పొడై గాల్లోకి లేస్తాయి, ఎండనివి చక్రాలకి, బ్లేడుకి అంటుకుని యార్డ్ మొత్తం పూసినట్టు అవుతుంది. 84 చోట్ల ఉన్నది అంతటా ఉంటుంది, ఇక ఎవడూ ఎత్తలేడు. గడ్డి ఎత్తుగా పెరిగే ఎండాకాలంలో అయినా సరే, ముందు పూప్ తీయించి తర్వాతే గడ్డి కోయించాలి. అలాగే వాన పడిన రోజు, ఐస్ కరుగుతున్న రోజు పిలవకండి, ముద్ద ముద్దగా అయిపోయి రేక్ కి దొరకదు. చికాగో, మిన్నియాపోలిస్ వైపు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మీకు మంచు కరిగే మార్చి, ఏప్రిల్ లో ఈ సర్వీసులన్నీ ఒకేసారి బిజీ అయిపోతాయి, చలికాలం మొత్తం మంచు కింద దాక్కున్నది అప్పుడే బయటపడుతుంది కాబట్టి.

2 గంటలకి ఆ మనిషి వచ్చాడు. చేతిలో చిన్న రేక్, పొడుగు కర్ర ఉన్న చేట లాంటి డబ్బా, బ్యాగ్ తొడిగిన బకెట్. అంతే. చూడగానే, దీనికా ఇన్ని డబ్బులు అనిపించింది. కానీ పని చూశాక మాట వెనక్కి తీసుకున్నాను. మనలా కనపడిన చోటికల్లా పరిగెత్తలేదు. ఒక కంచె నుంచి ఇంకో కంచె దాకా, నాగలి సాళ్ళు వేసినట్టు వరసగా నడిచాడు. అటు నుంచి ఇటు అయ్యాక, మళ్ళీ అడ్డంగా ఇంకోసారి. ఎండుటాకులు కుప్ప పడిన మూలలో ఆకులు రేక్ తో కదిపి చూశాడు, అక్కడే డజను దాకా దొరికాయి.

మొదలుపెట్టకముందు బూట్లకి, రేక్ కి ఏదో స్ప్రే కొట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, పొద్దుటి నుంచి ఆరు ఇళ్ళు తిరిగాను, ఒక ఇంటి జబ్బు ఇంకో ఇంటికి మోయకూడదు కదా అన్నాడు. ఇది మీరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. పార్వో అనే వైరస్ ఉంది, టీకా పూర్తికాని కుక్కపిల్లల్ని చంపేస్తుంది. అది మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, బూట్లకి అంటుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. ఇంట్లో చిన్న కుక్కపిల్ల ఉంటే, పనిముట్లు ఎలా శుభ్రం చేస్తారో చెప్పలేని సర్వీస్ ని పిలవకండి.

గంటా 10 నిమిషాలు పట్టింది. మొదటి అరగంటకి 80, మిగతా 40 నిమిషాలకి మూడు 15 నిమిషాలుగా లెక్కేసి 60, అర్జెంట్ 25, తీసుకెళ్ళడానికి 10. మొత్తం 175. మా రూమ్మేటే మొత్తం కట్టాడు, కట్టించాం అనాలి.

వెళ్ళేముందు అతను ఫోన్ లో ఒక ఫోటో చూపించాడు. ఆ రోజు పొద్దున బంటి వేసినదాంట్లో అన్నం మెతుకుల్లాంటివి తెల్లగా ఉన్నాయి. ఒకసారి వెట్ కి చూపించండి అన్నాడు. మేం అప్పటికి దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే సాయంత్రం వేరే హడావుడి. మా రూమ్మేట్ వాళ్ళ అన్నయ్య, వదిన అదే ఇంట్లోకి మారుతున్నారు, ఓనర్ తో కొత్త లీజ్ వాళ్ళదే. ఇల్లు చూద్దామని వచ్చారు. వాళ్ళకి 11 నెలల పాప. యార్డ్ మొత్తం నీట్ గా కనిపించేసరికి వదిన, "బాగుందయ్యా, పాపని ఇక్కడే కింద వదిలేయొచ్చు, హాయిగా పాకుతుంది" అంది.

నేను అవును వదినా అనబోయాను. ఆ మెతుకులు గుర్తొచ్చాయి. ఒక్క నిమిషం అన్నాను.

సోమవారం వెట్ చెప్పింది ఇది. ఆ మెతుకులు టేప్‌వార్మ్ ముక్కలు, ఫ్లీస్ ద్వారా కుక్కకి వస్తుంది, దాంతో మనకి పెద్ద భయం లేదు. కానీ స్టూల్ టెస్ట్ లో హుక్‌వార్మ్ కూడా దొరికింది. దాని పిల్ల పురుగులు మట్టిలో ఉండి, ఉత్త కాళ్ళతో నడిచినా, ఉత్త చేతులతో పాకినా చర్మం లోపలికి దూరగలవు. ఇంకొకటి రౌండ్‌వార్మ్. బంటికి అది లేదు కానీ చాలా కుక్కలకి ఉంటుంది. దాని గుడ్లు పడిన వెంటనే ప్రమాదం కాదు, 2 నుంచి 4 వారాలు మట్టిలో ఉన్నాక అప్పుడు అంటుకునే స్థితికి వస్తాయి. తర్వాత ఏళ్ళ తరబడి బతుకుతాయి. బ్లీచ్ పోసినా చావవు. పిల్లలు మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటే లోపలికి వెళ్తాయి, కొందరిలో కంటిని కూడా దెబ్బతీస్తాయి.

ఈ 2 వారాల లెక్క విన్నాక నాకు సర్వీస్ అసలు ఏం చేస్తుందో అర్థమైంది. వారానికోసారి తీస్తే గుడ్లు ముదిరేలోపు యార్డ్ దాటేస్తాయి. 6 వారాలు వదిలేసి ఒక్కసారి తీయిస్తే, కంటికి కనిపించేది పోతుంది, కరిగి మట్టిలోకి దిగింది అక్కడే ఉంటుంది. డియోడరైజర్ స్ప్రే అని ఇంకో 20, 30 డాలర్లకి అంటగడతారు, అది వాసనకి మాత్రమే. ఓనర్ కోసమో, ఇంట్లో పార్టీ కోసమో అయితే వన్ టైమ్ క్లీనింగ్ సరిగ్గా సరిపోతుంది. పాకే పాప కోసమైతే సరిపోదు.

వదినకి అదే చెప్పాను. కాంక్రీట్ ప్యాటియో సబ్బు నీళ్ళతో కడిగి పాపని అక్కడ చాప మీద వదలమన్నాను. బంటి ఎక్కువగా వెళ్ళే కంచె మూల వాళ్ళు పై మట్టి తవ్వించి కొత్త మట్టి, కొత్త గడ్డి వేయించుకున్నారు. పాప డాక్టర్ కి కూడా ఆ యార్డ్ సంగతి ముందే చెప్పారు. మా రూమ్మేట్ బంటికి మందు వేయించి, మళ్ళీ టెస్ట్ చేయించాడు. వాడికి వదిన పెట్టిన చీవాట్లు ఇక్కడ చెప్తే ఛానెల్ మూసేస్తారు.

డిపాజిట్ సంగతి కూడా చెప్తాను, కామెంట్స్ లో అదే అడుగుతారు కాబట్టి. టెక్సాస్ లో ఇల్లు ఖాళీ చేశాక 30 రోజుల్లో ఓనర్ డిపాజిట్ వెనక్కి ఇవ్వాలి, కట్ చేస్తే దేనికెంతో లిస్ట్ ఇవ్వాలి. కానీ మన కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు. వేరే స్టేట్ లో ఉంటే అక్కడి రూల్ వేరు, చూసుకోండి. క్లీనింగ్ కి ముందు, తర్వాత యార్డ్ ఫోటోలు, సర్వీస్ రసీదు దాచుకోండి. శనివారం ఓనర్ బ్యాక్‌యార్డ్ లో కంచె దాకా నడిచి, వెనక్కి వచ్చి, బూటు అడుగు ఒకసారి చూసుకున్నాడు. ఏమీ లేదు. బంటి ఉచ్చ పోసి గడ్డి మాడ్చిన మచ్చలు మాత్రం ఆయనకి కనపడలేదు, చలికాలం కదా, గడ్డి మొత్తం అదే రంగు.

26వ రోజున 2400 లో కార్పెట్ క్లీనింగ్ కి 150 పోను మిగతాది వచ్చింది.

మీ ఇంట్లో ఒకే కుక్క, రెండు వారాలకి మించి లేదంటే మాత్రం ఎవరినీ పిలవకండి. 25, 30 డాలర్లకి రేక్, పొడుగు చేట సెట్ వస్తుంది, గ్లవ్స్ వేసుకుని, మూసి ఉన్న బూట్లతో, కంచె నుంచి కంచెకి సాళ్ళు వేసినట్టు నడవండి. బ్యాగ్ లో కట్టి మామూలు చెత్తలో వేయండి, గడ్డీ ఆకులూ వేసే డబ్బాలో కాదు. రోడ్డు పక్కన వాన నీటి కాలువలోకి మాత్రం తోయొద్దు, ఆ నీళ్ళు శుద్ధి లేకుండా నేరుగా వాగుల్లోకి వెళ్తాయి. సరే ఫ్రెండ్స్, ప్లేటు మళ్ళీ తీసుకోవచ్చు. నెక్స్ట్ ఎపిసోడ్ లో కార్పెట్ కి ఆ 150 ఎందుకు కట్ చేశారో చెప్తాను, బై.