పడక కుర్చీతో పేచీ

పెన్షను పుచ్చుకున్న పెద్దమనిషికి ఇంటిల్లిపాదీ కలిసి చేసే మొదటి మర్యాద పడక కుర్చీ. "మీరు కూర్చోండి నాన్నగారూ, అన్నీ మేం చూసుకుంటాం" అంటారు. అమ్మగారి చేతిలోని చీపురూ లాగేసుకుంటారు. అది ప్రేమే, కాదనను. ఆ ప్రేమే కాళ్ళలోని సత్తువను హరిస్తున్నదని నా ఫిర్యాదు.

కూర్చునే పనికీ, తిరిగే పనికీ గల తేడా 1953లోనే బయటపడింది. జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్‌లో రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. డ్రైవరు సీటుకు అతుక్కుని వుంటాడు; కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లెక్కి దిగుతూ వుంటాడు. గుండెజబ్బు కండక్టర్లలోనే తక్కువగా కనిపించింది. ఆ మోరిస్‌గారు 99 ఏళ్ళు జీవించి 2009లో కన్నుమూశారు.

మరి నడిచేవాడికి ఆస్పత్రితో పనే వుండదా? అలా అంటే కోతలు కోయడమే అవుతుంది. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ళ వయసుగల 1,635 మందిని రెండు జట్లు చేసి, రెండున్నరేళ్ళు కనిపెట్టి చూశారు. ఒక జట్టుచేత నడక, కసరత్తు చేయించారు. రెండో జట్టుకు ఆరోగ్య సూత్రాలు బోధించారు. 2014లో ఫలితం వెల్లడయింది. నడిచినవారు ఆస్పత్రిలో చేరడం తగ్గలేదు! కాని 400 మీటర్లు కూడా నడవలేని స్థితికి వచ్చినవారు బోధన విన్న జట్టులో నూటికి 35 మంది, నడిచిన జట్టులో 30 మంది.

"ఇంతేనా?" అనకండి. 400 మీటర్లంటే వీధి చివరి గుడి, మందుల షాపు, స్నేహితుడి అరుగు. నడక డాక్టర్ని మాన్పించకపోవచ్చు. ఆయన దగ్గరికి మన కాళ్ళమీద మనల్ని వెళ్ళనిస్తుంది. అది చిన్న వరమా?

ఎంత నడవాలి? 65 దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది: వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకవంటి శ్రమ, రెండు రోజులు కండబలానికి, మూడు రోజులు తూలిపడకుండా నిలదొక్కుకోవడానికి అభ్యాసం. చేతులు ఆనించకుండా చెక్క కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా కసరత్తే. అంత చేయలేనివారు చేతనైనంతే చేయవచ్చు. గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం వున్నవారు ముందు డాక్టరు సలహా తీసుకోవాలి.

కొడుకులకూ, కోడళ్ళకూ ఒక మనవి. రేపు కూరలకు నాన్నగారిని పంపండి. నాలుగు వంకాయల్లో ఒకటి పుచ్చుది వచ్చినా ఫరవాలేదు.