తలుపులు మూసిన దినములలో నడకయు నిద్రయు

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి మన దేశమంతటను లాక్‌డౌను అమలునకు వచ్చిన సంగతి మీకు జ్ఞాపకమే. మొదట 21 దినములని చెప్పబడిన గడువు మే 31వ తేదీ వఱకు సాగినది. పొలముపనులకు కొలది దినములలోనే మినహాయింపు లభించుటచే కొడవలి పట్టినవాని కాళ్లకు అంతగా విరామము కలుగలేదు. అరుగుపై నలుగురితో కూర్చుండి, సాయంకాలము చెఱువుగట్టు వఱకు నడచివచ్చు వృద్ధుల సంగతి వేఱు. ఆ మే నెలలో తక్కినవారికి తెఱపి యిచ్చుచు వెలువడిన ఉత్తరువులయందు సైతము, 65 ఏండ్లు దాటినవారు అత్యవసరములకును వైద్యమునకును దప్ప ఇల్లు వదలరాదని యుండెను. ప్రాణము గాపాడుటకు ఆ కట్టడి యవసరమే. దానిని నే నాక్షేపింపను. అయితే దానికి మన శరీరము చెల్లించిన వెల యేమో తెలిసికొనవలసియున్నది.

నడక యెంత తగ్గినదో జేబులోని సెల్‌ఫోనులే లెక్కించినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న ఈ వ్యాధిని ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించినది. 187 దేశములలో నాలుగున్నర లక్షలకు పైబడినవారి అడుగులను పరిశీలింపగా, ఆ ప్రకటన జరిగిన 10 దినములలో సగటున 5.5 శాతమును, 30 దినములలో 27.3 శాతమును తగ్గినట్లు తేలినది. కఠినమైన కట్టడి గల ఇటలీలో తగ్గుదల ఒక దశలో 48.7 శాతము వఱకు పోగా, తలుపులు మూయించని స్వీడనులో 6.9 శాతమును మించలేదు. ఫోనును మంచముపై నుంచి వంటయింట తిరిగినవారి అడుగులు ఈ లెక్కలోనికి రావు. కావున ఈ అంకెలను కొంత సడలించి చదువుకొనవచ్చును.

ఇక నిద్ర. స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయమువారు ఆ వసంతమున తమ దేశమునందును, ఆస్ట్రియా, జర్మనీలయందును 435 మందిని ప్రశ్నించిరి. ఉద్యోగమునకు పరుగెత్త బనిలేదు గనుక నిద్ర సగటున 13 నిమిషములు పెరిగినది. అయినను అది మునుపటివలె హాయిగా లేదని వారే చెప్పిరి. నిద్ర పెరిగెను, తృప్తి తఱిగెను! ఇది యెట్లు?

భయమును, ధనచింతయు నుండనే యున్నవి. అవిగాక వేఱొక కారణము గలదు. మెదడులో, కంటినరములు రెండును కలియు చోటికి కొంచెము పైన, కాలమును లెక్కించు ఒక చిన్న కణసముదాయ మున్నది. దానిని దాని మానాన విడిచినచో పెక్కుమందిలో 24 గంటలకన్న కొంచె మెక్కువగా లెక్కించును. అట్లు వెనుకబడు గడియారమును ప్రతిదినమును ఉదయపు వెలుతురు సరిదిద్దుచుండును. మబ్బుపట్టిన దినమున సైతము ఆరుబయలి వెలుతురు ఇంటిదీపము కన్న ఎన్నో రెట్లు. ఆ వెలుతురు కంటబడనివానికి నిద్రవేళ క్రమముగా జాఱిపోవును. మఱియు మేలుకొనియున్నంతసేపును మెదడులో అడినోసిన్ అను పదార్థము పేరుకొని నిద్రను పిలుచును. పగలు రెండు గంటలు నిద్రించినవాడు, భోజనమునకు ముందు చిరుతిండి తిన్నవాని వంటివాడు. నేనును ఆ దినములలో తెల్లవారుజామున మూడింటికి మేలుకొని దూలములు లెక్కపెట్టినవాడనే.

కాళ్ల సంగతి ఇంతకన్న ముఖ్యము. 2007లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక ప్రయోగమున, ఆరోగ్యవంతులైన వృద్ధులు 10 దినములు మంచముపైనే యుండగా, సగటున సుమారు 1 కిలో కండ వారి కాళ్లనుండియే కరగినది. ఇంట నుండుట మంచము పట్టుట కాదు, నిజమే. కాని వయస్సు మీఱినవారికి పోయిన కండ తిరిగివచ్చుట కష్టము. గుమ్మమున తూలి పడుట అక్కడనే మొదలగును. 65 దాటినవారు వారమునకు 150 నిమిషములు తగుమాత్రపు శ్రమయు, కనీసము మూడు దినములు నిలుకడ నిచ్చు వ్యాయామమును చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో చెప్పినది.

లాక్‌డౌను పోయి యేండ్లు గడచినను ఆనాటి అలవాటు వదలనివా రున్నారు. వారు పడుకొను వేళతో పెనగులాడ నక్కరలేదు. లేచు వేళను ఒకటిగా నిలుపుకొని, లేచినవెంటనే వెలుతురులోనికి వచ్చి కొంతసేపు నడచి, పగటినిద్రను అరగంట దాటనీయకున్నచో, కొన్ని దినములలో రాత్రినిద్ర సాధారణముగ తనంతట తాను ముందునకు జరుగును. మోకాళ్లు సహింపనివారు చెఱువుగట్టు వఱకు పోనక్కరలేదు. ఎండ పడు వాకిటిలో కుర్చీ వేసికొని పదిమార్లు లేచి కూర్చుండినను కాళ్లకు పనియే.