నాదస్వరానికి నల్ల పెట్టె

పల్నాడులో పెళ్ళిళ్ళ కాలమూ, ఎండల కాలమూ ఒకటే. వైశాఖంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మేళం వాళ్ళు పొద్దున పిడుగురాళ్ళలో వాయించి రాత్రికి మాచర్ల చేరాలి. నాదస్వరం బైకు మీద వెనక కూర్చున్నవాడి ఒళ్ళో పోతుంది, ఆటోలో డోలు పక్కన ఒరుగుతుంది, బస్సులో సీటు కింద దొర్లుతుంది. మూడడుగులకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ చెక్క గొట్టానికి రక్షణ ఏమిటంటే ఒక రెక్సిన్ సంచి, మహా అయితే ప్లైవుడ్ పెట్టె.

ఈ ప్రాంతానికి నాదస్వరం పెళ్ళిపందిట్లో వినిపించే వాయిద్యం మాత్రమే కాదు. ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న చిలకలూరిపేట నాదస్వర విద్యకు పేరుపడ్డ ఊరు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. తర్వాత తంజావూరు బాణీ పట్టుకుని 1964లో శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఆయన్ని వరించాయి. ఆయన శిష్యదంపతులు కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీలకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంత దూరం తిరిగిన వాయిద్యానికి తగిన పెట్టె ఎలా ఉండాలన్న ప్రశ్న మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

పాశ్చాత్య దేశాల్లో సెల్లో, వయొలిన్ వాయించేవాళ్ళు చాలామంది ఇప్పుడు కార్బన్ ఫైబర్ పెట్టెలు మోస్తున్నారు. ఓపికున్నవాళ్ళు ఇంట్లోనే చేసుకుంటున్నారు. అలాంటిది నరసరావుపేటలో ఒక మేడ మీద చేయాలంటే ఏం కావాలి? దానికి ముందు, జిగురుతో కలిసి అలాంటి పెట్టెగా గట్టిపడే ఆ నల్లదారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. ఎందుకంటే పేరంతా దారానికి వస్తుంది, పరీక్ష మాత్రం జిగురుకు వస్తుంది.

దారం పాతదే. 1879లో థామస్ ఎడిసన్ తన బల్బులో వెలిగించింది బొగ్గుగా మార్చిన నూలుదారం. మరుసటి ఏడు వెదురు పీచుకు మారాడు. జపాన్‌లో క్యోటో దగ్గర పెరిగే వెదురు అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది. గాలి తగలకుండా కాలిస్తే పీచులో ఉన్న మిగతావన్నీ పోయి కార్బన్ మిగులుతుంది. అది వెలిగేది కానీ బలం లేనిది, వేలు తగిలితే విరిగేది.

బలం సంగతి 1958లో అమెరికాలో రోజర్ బేకన్‌కు అనుకోకుండా కనబడింది. యూనియన్ కార్బైడ్ ప్రయోగశాలలో గ్రాఫైటును విపరీతమైన వేడికి, ఒత్తిడికి గురిచేస్తుంటే సన్నటి వెంట్రుకల్లాంటి పీచులు పుట్టుకొచ్చాయి. లాగి చూస్తే ఉక్కును మించాయి. వాటిని ప్రయోగశాలలో చేయగలిగారు కానీ అమ్మకానికి సరిపడా చేయలేకపోయారు. కొద్దికాలానికే ఒసాకాలో అకియో షిండో మరో దారి తొక్కాడు. చలికోట్లు అల్లే ఆక్రిలిక్ నూలునే తీసుకున్నాడు. దాన్ని రెండు, మూడు వందల డిగ్రీల గాలిలో నెమ్మదిగా వేయించి, ఆ తర్వాత నైట్రోజన్‌లో వెయ్యి డిగ్రీలు దాటించాలి. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో విలియం వాట్ బృందం దీనికి ఒక మెలిక జోడించింది. వేయిస్తున్నంతసేపూ నూలును బిగుతుగా లాగి పట్టుకుంటే లోపలి అణువుల వరుసలు పొడవునా తిన్నగా సర్దుకుంటాయి. పోగు బలమంతా ఆ వరుసలో ఉంది. సగానికి సగం బరువు కాలిపోయి మిగిలే ఒక్కో పోగు మందం సుమారు ఏడు మైక్రాన్లు. మన తలవెంట్రుకలో పదో వంతు.

ఆ ఉత్సాహంలోనే తొలి దెబ్బ తగిలింది. రోల్స్ రాయిస్ కంపెనీ తన కొత్త జెట్ ఇంజిన్ ఆర్‌బీ 211కు కార్బన్ ఫైబర్ రెక్కలు పెట్టాలనుకుంది. ఆకాశంలో పక్షి వచ్చి గుద్దితే ఏమవుతుందో చూడటానికి తుపాకీలోంచి కోడిని ఇంజిన్ మీదికి పేల్చే పరీక్ష ఒకటుంది. ఆ పరీక్షలో రెక్కలు పగిలిపోయాయి. మళ్ళీ టైటానియానికి మారాల్సి వచ్చింది. ఖర్చులు మీదపడి 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. అదే ఏడు జపాన్ టోరే కంపెనీ కార్బన్ నూలును వ్యాపారస్థాయిలో చేయడం మొదలుపెట్టింది. తర్వాత అది చేపల గాలపు కర్రలకు, గోల్ఫ్ కర్రలకు, మన ఇండోర్ స్టేడియాల్లో పిల్లలు పట్టుకునే షటిల్ రాకెట్లకు చేరింది. ఇప్పుడు బోయింగ్ 787 విమానం బరువులో సగం ఇలాంటి సంయుక్త పదార్థాలే.

తెలుగు నేల మీద ఈ విద్య హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలల్లో పెరిగింది. అగ్ని క్షిపణి ముక్కు వాతావరణంలోకి తిరిగొచ్చేటప్పుడు వేల డిగ్రీల వేడిని తట్టుకోవాలి. దానికోసం కార్బన్‌తో కార్బన్‌నే అతికించే పదార్థం తయారుచేశారు. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన ఆ ప్రయోగశాలకు వచ్చి, ఒక ముక్క చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, అక్కడ క్షిపణుల పని నడిపిస్తున్న అబ్దుల్ కలామ్‌ను తన వార్డుకు తీసుకెళ్ళారు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోలు దాటే ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. కలామ్ ఈ సంగతి చాలా సభల్లో చెప్పుకున్నారు, తనకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన పని అని. క్షిపణి బరువు తగ్గించడం లెక్క, పిల్లవాడి కాలి మీద బరువు తగ్గించడం కూడా లెక్కే. రెండో లెక్క ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకు పెద్దదిక్కు లూయిస్ లెగియా. బోస్టన్ సింఫనీలో సెల్లో వాయించేవాడు, తెరచాప పడవల సరదా ఉన్నవాడు. పడవ గుల్లకు నీళ్ళు తగిలినప్పుడు అది మోగే తీరు విని, ఇంటి నేలమాళిగలో సొంతంగా సెల్లో పోతపోయడం మొదలుపెట్టాడు. తర్వాత పడవలు కట్టే స్టీవ్ క్లార్క్ తోడై, కార్బన్ ఫైబర్ సెల్లోలు అమ్మకానికొచ్చాయి. ఆయన చేసింది వాయిద్యం, మనకు కావలసింది పెట్టె. పెట్టె సులువు, నాదంతో దానికి పనిలేదు.

పెట్టెకు కావలసింది ఏమిటి? బలం అనుకుంటాం కానీ ముందు కావలసింది వంగకపోవడం. మీద బస్తా పడితే మూత లోపలికి వంగి గొట్టాన్ని తాకకూడదు. పలక వంగకుండా నిలిచే శక్తి దాని మందం ఘనంతో పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిర్రు ఎనిమిది రెట్లు. అందుకే రెండు పల్చటి కార్బన్ పొరల మధ్య మూడు మిల్లీమీటర్ల తేలికపాటి నురగ పలక పెడతారు. కోటప్పకొండ తిరునాళ్ళకు చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కదిలే ఎనభై అడుగులు దాటే ప్రభలు చూసినవాళ్ళకు ఈ కిటుకు కొత్త కాదు. అక్కడా వెదురు బద్దలు ముందూ వెనకా ఎడంగా నిలబెట్టి కడతారు, మధ్యలో ఉండేది గాలే.

లెక్క వేద్దాం. మీటరు పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, పద్నాలుగు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టెకు ఉపరితలం ముప్పాతిక చదరపు మీటరు. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేస్తే చెక్క ఒక్కటే రెండున్నర కిలోలు దాటుతుంది. చదరపు మీటరుకు 200 గ్రాములు తూగే కార్బన్ గుడ్డ రెండు పొరలు, దాదాపు అంతే బరువు జిగురు, మధ్యలో నురగ, అన్నీ కలిపితే ఎనిమిది, తొమ్మిది వందల గ్రాములు. బందులు, పిడి, లోపలి మెత్తలు చేరినా కిలోన్నర దాటదు.

ఇక పని. పెట్టె ఆకారానికి థర్మాకోల్ దిమ్మ చెక్కాలి. దాన్ని బ్రౌన్ టేపుతో నున్నగా చుట్టి, మైనం పూయాలి. ఇక్కడ జిగురు ఎంచుకోవడంలో పొరపడితే మొదటి గంటలోనే పని ముగుస్తుంది. పల్లెల్లో నీళ్ళ ట్యాంకులకు, బోట్లకు వాడే పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. ఎపాక్సీ జిగురు కరిగించదు. గుడ్డ కత్తిరించేటప్పుడు అంచు పోగులు ఊడి చెదిరిపోతాయి కాబట్టి ముందు గీత మీద టేపు అంటించి, టేపు మధ్యలో కత్తెర ఆడించాలి. బ్రష్‌తో జిగురు అద్దుతుంటే బూడిదరంగులో పొడిపొడిగా ఉన్న నేత ఒక్కసారిగా తడి నలుపెక్కుతుంది. ఎక్కడైనా బూడిదరంగు మచ్చ మిగిలిందంటే అక్కడ జిగురు చేరలేదని అర్థం. అలాగని కుమ్మరిస్తే లాభం లేదు, ఎక్కువైన జిగురు బరువే కానీ బలం కాదు.

అదనపు జిగురు పిండడానికి పైన ప్లాస్టిక్ సంచి బిగించి లోపలి గాలి లాగేస్తారు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ ఆ పని చేస్తుంది. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో, అన్ని వైపులా సమానంగా నొక్కుతుంది. ఆ బరువుకు చవకరకం థర్మాకోల్ నలిగి కూర్చుంటుంది, గట్టిరకం వాడాలి, లేదా సగం గాలితో ఆపాలి. గట్టిపడ్డాక గుల్లను చుట్టూ రంపంతో కోస్తే మూత, అడుగు వేరవుతాయి. రెండూ ఒకే గుల్లలోంచి వచ్చినవి కాబట్టి అంచులు కలుస్తాయి. కోసేటప్పుడు నీళ్ళు చల్లాలి, మాస్క్ పెట్టుకోవాలి. ఆ నల్లధూళి ఒళ్ళంతా దురద పుట్టిస్తుంది, కరెంటును పోనిస్తుంది కూడా. పక్కన మిక్సీ, ఫ్యాను రెగ్యులేటరు ఉంటే వాటికి మంచిది కాదు. అల్యూమినియం బందులు కార్బన్‌ను నేరుగా తాకితే, చెమ్మ తోడై, అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు.

ఇదంతా బోస్టన్‌లో చేసినా ఇంతే. పల్నాడులో తేడా ఎండ. గురజాలకు, మాచర్లకు మధ్యనున్న రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వాతావరణ వార్తల్లో మొదట వినిపిస్తుంది, నలభై అయిదు దాటడం అక్కడ వింత కాదు. జిగురు డబ్బా మీద కలిపాక ఇంతసేపు పనిచేస్తుందని రాసిన సమయం పాతిక డిగ్రీలకు. ప్రతి పది డిగ్రీలకూ అది సుమారు సగమవుతుంది. పైగా గట్టిపడుతూ తానే వేడి పుట్టిస్తుంది. నలభైలో గ్లాసుడు కలిపి పెట్టుకుంటే, రెండో పొర పరిచేలోగా గ్లాసులో పొగ లేస్తుంది. వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పోసుకోవాలి, తెల్లవారకముందే పని ముగించుకోవాలి.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. కార్బన్ పోగుకు పెళ్ళిపందిరి ఎండ ఒక లెక్కలోది కాదు. దాన్ని పట్టుకున్న జిగురుకు మాత్రం ఒక గీత ఉంది. మామూలు గదిలో ఆరిన ఎపాక్సీ యాభై, అరవై డిగ్రీల దగ్గర గట్టిదనం వదిలి రబ్బరులా మారడం మొదలుపెడుతుంది. నల్లటి పెట్టె మే నెల మధ్యాహ్నం ఆటో టాపు మీద ఉంటే పైపొర డెబ్బై దాటగలదు. అప్పుడు పెట్టె విరగదు, మెత్తబడి మీది బరువుకు సొట్ట పడుతుంది, సాయంత్రానికి ఆ సొట్టతోనే బిగుసుకుంటుంది. యూరప్‌లో పాతికేళ్ళు నిలిచే పెట్టె ఇక్కడ ఒక్క వేసవికి వంకరపోతుందంటే తప్పు దారానిది కాదు.

దీనికి విరుగుడు కూడా ఎండలోనే ఉంది. జిగురు ఎంత వేడిలో ఆరితే ఆ గీత అంత పైకి జరుగుతుంది. గుల్ల ఇంకా అచ్చు మీద ఉండగానే, రేకుల కింద మూసిన పెట్టెలో పెట్టి, మెల్లగా అరవై డిగ్రీలకు తెచ్చి కొన్ని గంటలు ఉంచితే సరి. అచ్చు తీశాక చేస్తే ఆకారం చెడుతుంది. మరీ ఎనభైకి పోతే థర్మాకోలే కుంచించుకుపోతుంది. ఆపైన తెల్లరంగు వేయాలి. ఖర్చుపెట్టి తెచ్చిన కార్బన్ నేత కనబడకుండా పోయిందని యువకులు బాధపడతారు కానీ నా ఓటు తెల్లరంగుకే.

ఇంకో మాట, కార్బన్ మోజులో మరిచేది. కింద పడ్డప్పుడు కార్బన్ వంగి సర్దుకోదు, పగులుతుంది, రోల్స్ రాయిస్ కోడి చెప్పింది అదే. లోపలివైపు ఒక పొర గ్లాస్ ఫైబర్ గానీ, కెవ్లార్ గానీ వేస్తే పగిలినా ముక్కలు చెదరకుండా పట్టుకుంటుంది. నిజానికి డబ్బు చూసుకునేవాడికి మొత్తం గ్లాస్ ఫైబర్‌తో చేసిన పెట్టె కూడా బాగానే ఉంటుంది, ఐదారు వందల గ్రాములు ఎక్కువ తూగుతుంది, అంతే. రోజుకు రెండు ముహూర్తాలు వాయించి, బస్సు దిగి కిలోమీటరు నడిచే మనిషికి ఆ ఐదారు వందలు అవసరమా కాదా అన్నది అతని భుజమే తేల్చాలి.

చివరికి వాయిద్యం వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది. నాదస్వరం గంటసేపు ఊదాక గొట్టం లోపల తడిగా ఉంటుంది. గుడ్డసంచి, చెక్కపెట్టె ఆ తడిని కొంత బయటికి పోనిస్తాయి. ఎపాక్సీలో ముంచిన పెట్టె చుక్క గాలి పోనివ్వదు. తడి లోపలే మిగిలితే చెక్కకు బూజు, ఎండలో లోపలి గాలి కాగితే చెక్క ఉబ్బి, ఆరి, పగుళ్ళు. కాబట్టి మూత అంచున రెండు చిన్న గాలి రంధ్రాలు వదలాలి, గొట్టాన్ని గుడ్డకర్రతో తుడిచాకే లోపల పెట్టాలి, నోట పెట్టి ఊదే, రెల్లుతో చేసిన సీవాళులకు విడిగా చిన్న డబ్బీ ఉండాలి. కింది గరాటును విప్పి పక్కన పెట్టేందుకు లోపలి నురగలో వేరే గుంట చెక్కుకుంటే పెట్టె పొడవు కూడా జానెడు తగ్గుతుంది.