వెనుక వెలుగు లేని ట్రక్కులు
కోతల కాలం వచ్చిందంటే మిల్లులకు ధాన్యం తరలించే ట్రాక్టర్లతో గ్రామీణ రహదారులు అర్ధరాత్రి వరకూ రద్దీగా ఉంటాయి. ట్రాక్టరు ముందు దీపాలు బాగానే వెలుగుతాయి. వెనుక తగిలించిన ట్రక్కుకే తరచూ వెలుగు కరవు. ట్రాక్టరు కర్మాగారంలో తయారవుతుంది. ట్రక్కు మాత్రం చాలావరకు స్థానిక వెల్డింగ్ షాపులో, రైతు చెప్పిన కొలతల ప్రకారం రూపుదిద్దుకుంటుంది. ఇరుసు బలంపై చూపే శ్రద్ధ వైరింగ్‌పై కనిపించదు.

చట్టం దృష్టిలో ట్రక్కు కూడా మోటారు వాహనమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే ట్రైలర్‌ను చేర్చారు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 104వ నిబంధన మేరకు వెనుక భాగాన ఇరువైపులా ఒక్కో ఎర్ర రిఫ్లెక్టర్ తప్పనిసరి. రాత్రివేళ వెనుక ఎర్ర దీపం, నంబరు ప్లేటుపై తెల్లని వెలుగు ఉండాలని 105వ నిబంధన చెబుతోంది. సిగ్నల్, రివర్స్, నంబరు ప్లేటు దీపాల వంటివి మినహా వెనుకకు ఎరుపు తప్ప మరో రంగు కాంతి కనిపించరాదన్నది 108వ నిబంధన. ముచ్చటపడి బిగించే నీలి, ఆకుపచ్చ దీపాల పట్టీలు దీనికి విరుద్ధం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. దీపం లేని ట్రక్కు 40 మీటర్ల దూరంలో కంటబడితే చోదకుడికి మిగిలేది రెండున్నర సెకన్లకు లోపే. ద్విచక్ర వాహనదారుకు అది ఏ మూలకూ చాలదు.

దీపాలు అమర్చినా వెలగకపోవడానికి ఎక్కువగా ఎర్త్ లోపమే కారణం. కొందరు ఎర్త్ తీగ లాగకుండా కొక్కెం ఇనుముపైనే ఆధారపడతారు. అక్కడ తుప్పు, గ్రీజు, మట్టి చేరగానే విద్యుత్ ప్రవాహం తెగుతూ ఉంటుంది. బ్రేకు నొక్కితే వెనుక దీపం మసకబారడం, ఒకవైపు సిగ్నల్ వేస్తే రెండు వైపులా మిణుకుమనడం దీని లక్షణాలు. ట్రాక్టరు సాకెట్ నుంచి ప్రతి దీపం వరకూ విడిగా ఎర్త్ తీగ వేయిస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది. తీగలను చట్రం అడుగున వేలాడదీయకుండా గొట్టంలో నడిపితే రాళ్లు, ఎలుకల బారి నుంచి కూడా కాపాడుకోవచ్చు.

రిఫ్లెక్టర్‌కు విద్యుత్ అక్కరలేదు, వెనుక వాహనం వెలుగునే తిప్పి పంపుతుంది. ఇంజిన్ ఆగి, బ్యాటరీ దిగిపోయి రోడ్డు మీద నిలిచిన ట్రక్కుకు అదొక్కటే దిక్కు. బురద పట్టినా, దానిపై రంగు వేసినా ఎందుకూ కొరగాదు. గడ్డి, చెరకు వెనుకకు వేలాడేలా నింపితే దీపం, రిఫ్లెక్టర్ రెండూ మరుగున పడతాయి. అలాంటి లోడుకు చివరన మరో ఎర్ర దీపం కట్టుకోవడం మేలు.

కొత్త ట్రక్కుకు సొమ్ము పూర్తిగా చెల్లించే ముందే, చీకటి పడ్డాక దానిని ట్రాక్టరుకు తగిలించి చూడాలి. ఒకరు బ్రేకు నొక్కి సిగ్నళ్లు వేస్తుండగా, మరొకరు వంద అడుగులు వెనుకకు వెళ్లి పరిశీలిస్తే చాలు, షాపు యజమాని ఎదుటే లోపం బయటపడుతుంది.